మోకాలి కొలత

ఆరు పగిడీలలో అయిదు చెవుల మీదికి దిగిపోయాయని ఫోనులో విన్నప్పుడు రమాబాయి మొదట నమ్మలేదు. రెండోసారి విన్నాక తప్పు తలలదేనని తేల్చేసింది.

"ఈసారి కొత్తగొచ్చిన పిల్లల నెత్తులు చిన్నగుండొచ్చు సారూ. మా పగిడీలు ఎన్నడన్న జారినయా?"

అవతల మాట్లాడుతున్నది వెస్లీ సారు. శాసనసభలో దఫేదార్లనే బంట్రోతుల ఉడుపులు, బెల్టులు, బూట్లు ఆయన చేతి కిందే ఉంటాయి. నెమ్మదైన మనిషి. కసరడం రాదు, కసరాల్సి వచ్చినప్పుడు దగ్గుతాడు. ఆ బుధవారం పొద్దున నాలుగు మాటలకోసారి దగ్గుతున్నాడు.

"నెత్తుల సంగతి నాకు తెల్వదమ్మా. రిహార్సల్ల ఒకతనికి పగిడీ ముక్కు మీదికొచ్చింది. దారి కనవడక ముందటోన్ని గుద్దిండు. అందరు నవ్విండ్రు. పెద్దసారు అక్కడ్నే ఉండె. శుక్రారం పదకొండు గొట్టంగ గవర్నరు సారొస్తరు. రేపు నాలుగింటి లోపల మంచిగ కట్టి పంపుతె సరే, లేకుంటె రెడీమేడ్ తెప్పిస్తనన్నరు. శాంపిల్ గూడ టేబుల్ మీద పెట్టుకున్నరు. ఒక్కపారి అవి నెత్తికెక్కినయంటె ఇగ మీ పగిడీల ముచ్చట ఎవ్వరెత్తరమ్మా."

"ఒక్క దినంల అయిదు పగిడీలు ఎట్లయితయ్ సారూ?"

వెస్లీ సారు గట్టిగా దగ్గి ఫోను పెట్టేశాడు.

రెడీమేడ్ పగిడీ ఎట్లా ఉంటుందో రమాబాయికి తెలియనిది కాదు. గుర్రమెక్కే పెళ్లికొడుకుల నెత్తిన రోజూ చూసేదే. లోపల అట్ట, పైన తళతళలాడే గుడ్డ, ముందర జిగురుతో అంటించిన గాజుపూస. వీధి నాటకంలో రాజు కూడా అంతకన్నా మర్యాదగా ఉంటాడు. అటువంటి దాన్ని నెత్తిన పెట్టుకుని గవర్నరు ముందు నడవడం కన్నా బోడి తలతో నడవడం నయం.

ఏడాదికోసారి, సభ తెరిచే మొదటి రోజున, గవర్నరు ప్రసంగం చదవడానికి వస్తాడు. కారు దిగిన చోటి నుంచి గద్దె దాకా ఆయన ముందు ఆరుగురు దఫేదార్లు నడవాలి. తెల్లని షేర్వానీ, ఎర్రని నడుంపట్టీ, తల మీద నిమ్మపండు రంగు పగిడీ. అందరికన్నా ముందున్నవాడి చేతిలో వెండి కర్ర. ఇదంతా నవాబుల దర్బారు నాటి మర్యాద. నవాబులు పోయారు, వాళ్లుండే దేవిడీలు ఫంక్షన్ హాళ్లయ్యాయి, ఓట్లడిగి గెలిచినవాళ్లు సభలోకి వచ్చారు, వాళ్లలో ఒక్కరి తలకీ పగిడీ లేదు. ఒకప్పుడు దర్బారులో అమీర్లు పెట్టుకున్న పగిడీ మాత్రం జీతానికి నడిచే దఫేదారు నెత్తి మీదికి వచ్చి కూర్చుంది. రాజ్యం పోయినా రాజసం ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి కదా.

ఆ పగిడీలు కట్టేది మొఘల్‌పురా గల్లీలో ఈ ఒక్క ఇల్లే. రమాబాయి మామగారి తండ్రి అమీర్లకు కట్టాడు. మామగారు సభకు కట్టాడు. ఆయన తర్వాత భర్త వైకుంఠం కట్టాడు. పందొమ్మిదేళ్ల కింద వైకుంఠం గుండె ఆగి పోయినప్పుడు, పెద్దదినం కూడా కాకముందే సభ తెరిచే రోజు వచ్చిపడింది. ఎవరు కూర్చుంటారని ఇల్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, రమాబాయి కన్నీళ్లు తుడుచుకుని తనే కూర్చుంది. అప్పటి నుంచి లేవలేదు.

కూర్చోవడమే అందులో సగం పని. పగిడీ కట్టేది తల మీద కాదు, మోకాలి మీద. నేల మీద కూర్చుని, ఎడమ కాలు కింద మడిచి, కుడి మోకాలు పైకి నిలబెట్టి, దాని మీద అత్తగారి నాటి బొంత ముక్కను నాలుగు మడతలు చుట్టాలి. ఆ పైన తొమ్మిది గజాల గంజి పెట్టిన మల్మల్ గుడ్డను బిగలాగి మడత మీద మడతగా తిప్పాలి. మోకాలూ బొంతా కలిస్తే సరిగ్గా ఒక మగవాడి తల. టేపు లేదు, చెక్క అచ్చు లేదు. ఇంకో నియమం కూడా ఉంది. కట్టిన పగిడీని ఇంట్లో ఎవరి తలకూ పెట్టి చూడకూడదు. తొలిసారి అది ఎక్కాల్సింది సభవాడి తలకే. ఆ నియమం మామగారు పెట్టిపోయాడు.

ఆ నియమమంటే కోడలు భాగ్యశ్రీకి పదకొండేళ్లుగా ఒళ్లుమంట.

"లక్షసార్లు చెప్పిన అత్తమ్మా. ఒక్కపారి మీ కొడుకు నెత్తి మీద పెట్టి చూస్తె ఏం పోతదని. విన్నరా మీరు?"

భాగ్యశ్రీ అప్పటికే చెప్పులేసుకుని, హాస్పిటల్ ఫైలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పోస్టాఫీసు కౌంటరులో పని ఆమెది. సెలవు దొరకడమే గగనం. అత్తను పన్నెండింటికి మోకాళ్ల డాక్టరుకు చూపించాలని బతిమాలి ఆ రోజు సెలవు తెచ్చుకుంది. దసరా నుంచి అత్త మెట్లు పక్కకు తిరిగి దిగుతున్నదనీ, పూజకు కూడా కుర్చీ వేసుకుంటున్నదనీ కొడుకు నందకిశోర్ చూడకపోయినా కోడలు చూసింది.

"నియమం నియమమే," అంది రమాబాయి.

"అవ్, ఇప్పుడు ముక్కు మీదికొచ్చింది నియమం. సరే, అది మల్ల చూద్దాం. ఆటో వచ్చింది, నడువుండ్రి."

"సభ తెరిసే పని నెత్తి మీదుంటే డాక్టరా? ఆటోను తిప్పి పంపు."

"సెలవు వెట్టిన అత్తమ్మా."

"పెట్టినవ్ గద, ఇంట్లుండు. పనున్నది."

భాగ్యశ్రీ ఫైలును ఫ్రిజ్ మీద పడేసిన చప్పుడే చాలా మాటలు చెప్పింది. ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ విసుక్కుని పోయాడు.

పన్నెండు దాటాక గుండయ్య వచ్చాడు. వెండి కర్ర పట్టుకుని అందరికన్నా ముందు నడిచే దఫేదారు ఇతనే. ఉండేది కిషన్‌బాగ్. నెలాఖరుకు రిటైరవుతున్నాడు, శుక్రవారం నడిచేదే ఆఖరి నడక. వైకుంఠానికి దోస్తు, అందుకే రమాబాయిని వదినా అంటాడు. దుప్పట్లో మూటకట్టి తెచ్చిన పగిడీలను చాప మీద ఒక్కొక్కటిగా దించాడు. అయిదే ఉన్నాయి.

"ఆరోది ఏది? నీదేది?" అంది రమాబాయి.

"నాది సరిపోయింది వదినా."

"సరిపోయిందా?"

"అచ్చుగుద్దినట్టున్నది. ముప్పై ఒక్కేండ్ల నౌకరీల మొదటిపారి నెత్తి నొయ్యలే."

రమాబాయి చెయ్యి గాలిలోనే ఆగింది. "మొదటిపారంటే?"

గుండయ్య తప్పుచేసినవాడిలా తల నిమురుకున్నాడు. నిజంగానే పెద్ద తల అది. ఇన్నేళ్లుగా ఎదురుగా ఉన్నా ఆ సంగతి రమాబాయికి ఇప్పుడే కనబడింది.

"చెప్పొద్దనుకున్న. నా నెత్తి జర పెద్దది వదినా. వైకుంఠమన్న కట్టినా బిగుతే ఉండె, మీరు కట్టినా బిగుతే ఉండె. గవర్నరు సారు చదువుడు అయ్యేదాంక పండ్లు బిగవట్టుకోని నిలవడుతుంటి. ఇంటికి పోయి నొసటికింత బాము రాస్కొని పండుతుంటి."

"ముప్పై ఒక్కేండ్లు చెప్పకుంట ఏం జేసినవయ్యా?"

"ఎట్ల చెప్పాలె? అందరికి మంచిగుండి నాకొక్కనికే బిగుతుంటె, తప్పు నా నెత్తిదే గద."

రమాబాయికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచలేదు. నోరు తెరవని ఈ మనిషి మీదా, పన్నెండేళ్లు ఇతని తలను బిగించి కట్టి హాయిగా పోయిన మొగుడి మీదా, మరో పందొమ్మిదేళ్లు అదే పని చేసిన తన మీదా? ఏటా సభ తెరిచిన రోజున టీవీలో గుండయ్య ముఖం చూసి, ఆహా ఎంత గంభీరంగా నడుస్తున్నాడని మురిసిపోయేది. ఆ గాంభీర్యమంతా తలనొప్పి అన్నమాట.

భాగ్యశ్రీ చాప పక్కన గొంతుక్కూర్చుని ఒక పగిడీని తిప్పి లోపల చూసింది.

"గుండయ్య మామ నెత్తికి సరిపోయిందంటె, పగిడీలన్ని పెద్దగైనయ్. అన్ని ఒక్కతీరుగ పెద్దగైనయంటె అచ్చే పెద్దగైంది. అచ్చంటె ఏంది? మీ మోకాలు."

"బోడిగుండుకు మోకాలుకు ముడివెట్టకు," అంది రమాబాయి ఠక్కున.

ఆ సామెత అనే హక్కు ఊళ్లో అందరికీ ఉంది, ఒక్క ఆ ఇంటివాళ్లకు తప్ప. మూడు తరాలుగా వాళ్లు తింటున్న అన్నం ఆ ముడిదే. గుండయ్య నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు కావాలని వంటింట్లోకి పోయాడు. నీళ్లు తాగి, రేపు మూడింటికి వస్తానని చెప్పి ఆ దారినే జారుకున్నాడు.

భాగ్యశ్రీ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చింది. రమాబాయి చీర కుచ్చిళ్లు కాలి కిందికి దోపుకుంది.

"చూడనియ్యండ్రి."

"ఏం చూస్తవ్? ముసలి మోకాలు."

"చూడనియ్యకుంటె ఇప్పుడే మీ కొడుక్కు ఫోన్ జేస్త."

అరగంట రభస తర్వాత ఎడమ మోకాలు పద్నాలుగున్నర అంగుళాలని తేలింది. కుడిది పదహారున్నర. పైన చర్మం నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. భాగ్యశ్రీ టేపు చుట్టుకుంటూ ఆ మోకాలి వంకే చూసింది.

"గిట్లున్న మోకాలి మీద ఆరు కట్టిండ్రా?"

రమాబాయి గోడ వైపు చూసింది. కట్టింది. నోట్లో కొంగు కుక్కుకుని కట్టింది. ఎందుకంటే డాక్టరు ఏమంటాడో ఆమెకు తెలుసు. పక్క గల్లీ ఆగమ్మకు అన్నదే తనకూ అంటాడు. అరిగిన ఎముక తీసేసి కీలు మారుస్తామంటాడు, తర్వాత మంచిగా నడుస్తావు గానీ నేల మీద మాత్రం కూర్చోవద్దంటాడు. ఆగమ్మకేం, సోఫాలో కూర్చుని టీవీ చూసుకుంటుంది. నేల మీద కూర్చోలేని రమాబాయి ఏం చేయాలి? మొగుడు పోయిననాడు కూడా ఆగని పని తన కాలి దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. తర్వాత సభలో అట్ట పగిడీలు నడుస్తాయి.

"బొంత ఒక మడత తీసేస్తె సరిపోదా?" అంది భాగ్యశ్రీ.

"ఎముక పొడుచుకొస్తది. పగిడీ కుండ మూత లెక్క అయితది. ఎడమ మోకాలి మీద కడ్త రేపు. ముందుగాల గుడ్డలకు గంజి వెట్టు."

మడతలు పడిన గుడ్డను మళ్లీ కట్టడానికి వీల్లేదు. అయిదు పగిడీలూ విప్పి, తడిపి, గంజి పెట్టి, మిద్దె మీద ఆరేయాలి. రమాబాయి మెట్లెక్కలేదు కాబట్టి కింద వాకిట్లో కుర్చీ వేసుకుని అరుస్తూ కూర్చుంది. గంజి పల్చగైందని అరిచింది. గుడ్డ అంచు నేలకు తగులుతుందేమోనని, కనబడకపోయినా అరిచింది. పక్కింటివాళ్ల పావురాలు వచ్చి సరిగ్గా నాలుగో గుడ్డ మీదే తమ పని కానిచ్చాయి. దాన్ని మళ్లీ తడిపి, మళ్లీ గంజి పెట్టి ఎక్కుతున్నప్పుడు భాగ్యశ్రీ మెట్ల మధ్యలో ఆగింది.

"అత్తమ్మా, మీరింక ఒక్క మాటన్న అన్నరంటె ఈ గుడ్డ పావురాలకే కట్టి పంపుత."

రమాబాయి నోరు మూసుకుంది. రెండు నిమిషాలు.

గురువారం ఆరింటికే చాప పరిచింది. నందకిశోర్ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. కరెంటాఫీసులో పని అతనిది. ఇంట్లో ఏ గొడవైనా మాట్లాడాల్సిన మాట ఒక్కటే ఉంటుంది అతనికి.

"అందుకే నిన్న డాక్టరు దగ్గరికి పొమ్మన్న."

"కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందట. నీ గడ్డం నువ్వు గీస్కో."

ఎడమ మోకాలు నిలబెట్టాలంటే కుడి కాలు కింద మడవాలి. ఆ సంగతి రమాబాయి రాత్రంతా ఆలోచించలేదు, ఆలోచిస్తే ధైర్యం పోతుందని. గోడ పట్టుకుని కూర్చుంది. కుడి కాలు సగం మడిచింది. మోకాలి లోపల ఏదో మెలితిప్పినట్టయి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. పళ్లు బిగబట్టి ఇంకొంచెం మడిచింది. చేతిలోని గుడ్డ చుట్ట జారి చాప మీద విప్పుకుంటూ దొర్లిపోయింది. రమాబాయి రెండు కాళ్లూ చాపుకుని గోడకు ఒరిగింది. చెంపల మీది నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగనిది. నందకిశోర్ సగం గడ్డంతో వచ్చి నిలబడ్డాడు.

"పోనియ్ అమ్మా. రెడీమేడే పెట్టుకోనియ్."

అప్పుడు భాగ్యశ్రీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొగుణ్ని ఒక చూపు చూసింది. చాప మీద కూర్చుని, ఎడమ కాలు మడిచి, కుడి మోకాలు నిలబెట్టింది.

"బొంత ఇటియ్యండ్రి."

"నువ్వా?" అంది రమాబాయి.

"ఏం, నాకు మోకాలు లేదా? నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటి, రెండు సెలవులు వెట్టిన. ఉత్తగ పోనియ్య వాటిని."

బొంత చుట్టారు. రమాబాయి కోడలి వెనకాల పీట వేసుకుని కూర్చుని, కాలు పక్కకు చాపి, రెండు చేతులూ కోడలి భుజాల మీది నుంచి ముందుకు పోనిచ్చింది. పదకొండేళ్లలో ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఎన్నడూ కూర్చోలేదు. అత్త గడ్డం కోడలి భుజానికి గుచ్చుకుంది. కోడలి జడ అత్త నోట్లోకి వచ్చింది.

"కదలకు."

"మీరే నూకుతున్నరు."

"ఊపిరి గట్టిగ ఇడవకు, గుడ్డ ఊగుతది."

"ఊపిరి గూడ ఆపాల్నా?"

"బొటనవేలు ఇక్కడ పెట్టు. ఇక్కడ కాదు. నీకు బొటనవేలంటె తెల్వదా?"

ఏడున్నరకు మొదటిది తయారైంది. నందకిశోర్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరబోతుంటే భాగ్యశ్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇటు అత్త వంక చూసింది. రమాబాయికి అర్థమైంది. మామగారి నియమం ఒకటుంది, నాలుగింటి గడువు ఒకటుంది. ఆమె మెల్లగా పీట మీదే గోడ వైపు తిరిగింది.

"నేను చూస్తలేను," అంది.

వెనకాల గుసగుసలు వినిపించాయి. తర్వాత నందకిశోర్ గొంతు.

"మంచిగ కూసున్నదే. తల ఊపినా కదుల్తలేదు. నాకు గూడ ఒకటి కట్టుండ్రి."

"తియ్యి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

రెండోది సగంలో ఉండగానే రమాబాయి చేతుల్లో గుడ్డ వదులు కాసాగింది. భుజాల మీది నుంచి లాగితే పట్టు దొరకదు, పట్టు లేకపోతే మడత నిలవదు. ఎట్లాగో ముగించి కుర్చీలోకి చేరింది. మూడోది భాగ్యశ్రీ తన చేతులతోనే తన మోకాలి మీద మొదలుపెట్టింది. మొదటిసారి ఊడింది. రెండోసారి ముందువైపు బొడిపె కట్టి ఊడిపోయింది. మూడోసారి రమాబాయి కుర్చీలోంచి పడిపోయేంత ముందుకు వంగి, పళ్ల సందున తిడుతూ ఒక్కో మడతా చెప్పింది. అత్త తిట్టే తిట్టులో పనికొచ్చే మాట ఏదో, ఉత్త తిట్టు ఏదో భాగ్యశ్రీకి మెల్లగా తెలిసివచ్చింది. పనికొచ్చేదే తీసుకుంది.

"గంతే. గదే. ఇప్పుడు బిగించు. మోకాలు నొచ్చేదాంక బిగించు."

"నొస్తున్నది."

"అయితె సరిగ్గ ఉన్నది."

ఆ మాట అన్నాక రమాబాయికి గుర్తొచ్చింది. అది తన మాట కాదు. పందొమ్మిదేళ్ల కిందటి ఆ మొదటి పగిడీ నాడు మంచంలో పడి ఉన్న మామగారు తనతో అన్న మాట. ఆ రోజు తనది పదకొండుసార్లు ఊడింది. కోడలిది రెండుసార్లే ఊడిందన్న సంగతి గమనించింది గానీ పైకి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందని.

మూడింటికి గుండయ్య వచ్చేసరికి అయిదూ వరుసగా చాప మీద ఉన్నాయి. భాగ్యశ్రీ గోడకు ఒరిగి మోకాలు పిసుక్కుంటోంది. గుండయ్య పగిడీలను చూశాడు, ఆమె మోకాలిని చూశాడు, దుప్పటి పరిచాడు.

"నీది గూడ పంపు," అంది రమాబాయి. "ఈ మోకాలి మీదనే కట్టిస్త. ఆరు ఒక్కతీరుంటయి. లేకుంటె నీ ఒక్కని నెత్తి పెద్దగ కనవడ్తది."

"ఇయ్య వదినా."

"ఏందయ్యా ఇయ్యవు?"

"అది మీ మోకాలి మీద కట్టింది. నా నెత్తికి పట్టింది అదొక్కటే. ఆఖరి నడకన్న మంచిగ నడవనియ్యండ్రి."

అతను మూట ఎత్తుకుని పోయాడు.

శుక్రవారం భాగ్యశ్రీ పోస్టాఫీసుకు మధ్యాహ్నం దాకా పర్మిషన్ పెట్టింది. అందుకు కారణం ఆమె చెప్పలేదు, రమాబాయి అడగలేదు. ఇద్దరూ పదిన్నరకే టీవీ ముందు కూర్చున్నారు. టీవీవాళ్లకు మర్యాద ఏనాడు తెలుసు గనక. గేటు చూపించారు, కార్లు చూపించారు, కోటు వేసుకున్న ఒకాయన ఎవరు ఎవరిని తిడతారో ముందే చెప్పేశాడు. తీరా పదకొండింటికి సబ్బు ప్రకటన వచ్చింది.

"వీని మొహం మండ," అంది రమాబాయి.

ప్రకటన పోయింది. పొడుగాటి వరండాలో ఎర్ర తివాచీ. దాని మీద గుండయ్య వస్తున్నాడు. చేతిలో వెండి కర్ర, తల మీద మిగతా అందరికన్నా కొంచెం పెద్ద పగిడీ. వెనక అయిదుగురు. అయిదు పగిడీలూ ఒక్క గీత మీద ఉన్నాయి. ఎవరి చెవీ కప్పుకోలేదు, ఎవరి కన్నూ మూసుకోలేదు. గుండయ్య ముఖం గంభీరంగా లేదు. ఇంట్లోంచి సంతకు పోతున్నవాడిలా తేలిగ్గా ఉంది. పది సెకన్లు. తర్వాత గవర్నరును చూపించారు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ టీవీ చూడలేదు.

"మూడోది జర ఎడమకు ఒరిగింది," అంది రమాబాయి కళ్లు తుడుచుకుంటూ.

"మూడోడే ఎడమకు ఒరిగి నడుస్తున్నడు," అంది భాగ్యశ్రీ.

పన్నెండున్నరకు వెస్లీ సారు ఫోను చేశాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. "అమ్మా, పెద్దసారు శాంపిల్ డబ్బ వాపస్ పంపిండు. వచ్చే ఏడు గూడ మీరే." ఆయన మాట పూర్తి కాకముందే ఎవరో ఫోను లాక్కున్నారు.

"వదినా, నేను. గుండయ్యను. నొయ్యలేదు వదినా. అయిపోయేదాంక నిలవడ్డ, జరంత గూడ నొయ్యలే."

రమాబాయి ఏదో కసురుదామనుకుంది. ముప్పై ఒక్కేళ్లు నోరు మూసుకుని భరించిన మనిషి, నొప్పి లేదని చెప్పడానికి ఫోను లాక్కున్నాడు. ఆ పిచ్చివాణ్ని తిట్టడానికి బోలెడు మాటలున్నాయి ఆమె దగ్గర. దసరా నుంచి తను చేసిందీ అదేనన్న సంగతి ఆ మాటలకు అడ్డం పడింది. బొంత ముక్క అప్పటికే కోడలి కుట్టుమిషను మీద మడతపెట్టి ఉంది. ఎవరు పెట్టారో, తనే పెట్టిందో కూడా గుర్తులేదు.

"నాకు నొస్తున్నది గుండయ్యా," అంది. "మస్తు నొస్తున్నది."

భాగ్యశ్రీ లేచి, ఫ్రిజ్ మీది నుంచి ఫైలు తీసింది. చెప్పులేసుకుని, కుడి కాలు కొద్దిగా ఈడుస్తూ, ఆటో కోసం గల్లీలోకి పోయింది.